హనుక్కా: ఇంటి దీపం, వీథి దీపం

తెలుగు పత్రికలలో హనుక్కా పండుగ ప్రసక్తి వచ్చినప్పుడు దానికి ‘యూదుల దీపావళి’ అన్న పేరు తగిలించడం కద్దు. అమెరికా జీవితాన్ని గురించి వ్రాసేవారు కొందరు దానినే ‘యూదుల క్రిస్మస్’ అంటారు. తెలియనిదానిని తెలిసినదానితో పోల్చి చెప్పడం భాషకు సహజమే. మన అలంకారశాస్త్రమంతా ఆ పునాది మీదనే నిలిచినది. కాని ఉపమానం ఉపమేయాన్ని మ్రింగివేసే సందర్భాలు కొన్ని ఉంటవి. అప్పుడు విమర్శకుడు కలుగజేసుకోక తప్పదు. పై రెండు పేర్లలోను కొంత సత్యం ఉన్నది. అది ఎంతవరకు సత్యమో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది పరదేశపు ఆచారాలను గురించిన వట్టి కుతూహలం అని పాఠకులు అనుకోవలసిన పని లేదు. గుంటూరు జిల్లాలో, చేబ్రోలుకు సమీపాన, కొత్తరెడ్డిపాలెం అనే గ్రామంలో తెలుగే మాతృభాషగా గల యూదులున్నారు. ఆ దీపాన్ని వెలిగించేవారు మనలో ఉన్నప్పుడు దానిని ఏ పేరుతో పిలవాలన్నది మన సమస్యే అవుతుంది.

పండుగ వెనుక కథ క్లుప్తంగా ఇది. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దంలో యూదయ దేశం సిరియాను ఏలే సెల్యూకసు వంశపు గ్రీకు రాజుల అధీనంలో ఉండేది. వారిలో నాలుగవ అంతియొకసు క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయంలో అన్యదైవతపూజ నెలకొల్పి, సున్నతిని, విశ్రాంతిదినాచరణను నిషేధించినాడు. మోదెయీను అనే పల్లెలో మత్తతీయ అనే యాజకుడు తిరుగుబాటు లేవదీసినాడు. అతని కుమారుడు యూదా మక్కబీ ఆలయాన్ని తిరిగి పట్టుకొని శుద్ధి చేసి, క్రీ.పూ. 164లో కిస్లేవు నెల 25వ నాడు బలిపీఠాన్ని మరల ప్రతిష్ఠించినాడు. ఎనిమిది దినాలు ఉత్సవం జరిగినది. ‘హనుక్కా’ అన్న హీబ్రూ మాటకు అర్థం ప్రతిష్ఠ అనే.

కిస్లేవు ఇంచుమించు మన మార్గశిరం. యూదుల పంచాంగం కూడ మనదానివలెనే చాంద్రమాసాలను సౌరవర్షంతో ముడివేసినది. పందొమ్మిది సంవత్సరాలలో ఏడుమార్లు అధికమాసం వస్తుంది. అందుచేత హనుక్కా ఒక ఏడు నవంబరు చివర, మరొక ఏడు డిసెంబరు చివర పడుతుంది. 25వ నాడు మొదలై ఎనిమిది రాత్రులు సాగుతుంది గనుక అమావాస్య ఎప్పుడూ దాని నడుమనే ఉంటుంది. చీకటి రాత్రులలో దీపం పెట్టడం ఇక్కడా ఉన్నది, అక్కడా ఉన్నది. దీపావళితో పోలిక ఇంతవరకు చెల్లుతుంది.

ఆ తరువాతనే చిక్కు. మక్కబీయులు కత్తి దూసినది రాజు మీద మాత్రమే కాదు. గ్రీకు వ్యాయామశాలలను, గ్రీకు పేర్లను, గ్రీకు వేషాన్ని మోజుపడి స్వీకరించిన సాటి యూదుల మీద కూడ. ఒక విధంగా అది అంతర్యుద్ధం. పొరుగువారి సంస్కృతిలో కలిసిపోవడానికి ఒప్పుకోనివారి విజయం ఈ పండుగ. అటువంటి పండుగ నేడు లోకంలో యూదుల పండుగలన్నిటిలోకి ఎక్కువగా పొరుగువారి ఆచారాలతో కలిసిపోయినది కావడం చరిత్రలోని వ్యంగ్యాలలో ఒకటి.

అయితే ఈ వ్యంగ్యం నేడు పుట్టినది కాదు. కథ చెప్పే గ్రంథాలనే చూడండి. మక్కబీయుల మొదటి గ్రంథం హీబ్రూలో వ్రాయబడినా ఆ మూలం నశించి గ్రీకు అనువాదమే మిగిలినది. రెండవ గ్రంథం మొదటినుంచీ గ్రీకు రచనే. ‘యూదత్వం’, ‘గ్రీకుత్వం’ అనే రెండు మాటలు మనకు దొరికినంతలో మొదట కనిపించేది ఆ గ్రీకు గ్రంథంలోనే. శత్రువు భాషలోనే శత్రువును కాదన్నారన్నమాట! యూద ధర్మాచార్యులు ఈ గ్రంథాలను తమ పవిత్రగ్రంథ సంపుటంలో చేర్చుకోలేదు. వాటిని కాపాడి మనకు అందించినవారు క్రైస్తవులు.

ఇంకొక విశేషం: నేడు ప్రతి యూద బాలునికి తెలిసిన నూనె కథ ఈ రెండు గ్రంథాలలోను లేదు. ఒక్కదినానికి చాలే శుద్ధతైలం ఎనిమిది దినాలు వెలిగినదన్న అద్భుతం కొన్ని శతాబ్దాల తరువాత కూర్చిన బాబిలోనియా తాల్మూదులో కనిపిస్తుంది. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు యోసేపసుకు ఈ పండుగ ‘దీపాలు’ అన్న పేరుతోనే తెలుసు. కాని ఆ పేరెందుకు వచ్చినదో అతడు ఊహించి చెప్పినాడే గాని నూనె మాట ఎత్తలేదు. రోము మీద చేసిన తిరుగుబాట్లు క్రీ.శ. 70లోను, 135లోను దారుణంగా విఫలమైన తరువాత, ఆచార్యులు కత్తిని వెనుకకు నెట్టి దీపాన్ని ముందుకు తెచ్చినారని చాలామంది పండితుల ఊహ. ఊహే అయినా సమంజసమైనది. పండుగ బ్రతకడానికి తన కథనే మార్చుకొన్నది.

తెలుగు పాఠకునికి ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ప్రొటెస్టంటు మిషనుల ద్వారా మన ఇండ్లలోకి వచ్చిన తెలుగు బైబిలులో మక్కబీయుల గ్రంథాలు లేవు. కతోలికుల తెలుగు బైబిలులో ఉన్నవి. ఆంధ్రదేశపు బాప్టిస్టు, లూథరను కుటుంబాలలో పుట్టి పెరిగినవానికి హనుక్కా తారసపడేది ఒక్కచోటనే: యోహాను సువార్త పదవ అధ్యాయంలో, శీతకాలంలో యేసు ఆలయంలో సంచరించినట్లు చెప్పే సందర్భంలో. అక్కడ తెలుగు అనువాదకులు వాడిన మాట ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’. వ్యాకరణం కొంచెం నలిగినా భావం సూటిగా ఉన్నది. ‘ప్రతిష్ఠ’ అన్న మాటలోని బరువు మన గుడులను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ‘యూదుల దీపావళి’ కన్న అది ఎన్నోరెట్లు మేలైన పేరు. అది పోలిక చెప్పడం లేదు, జరిగినదేమిటో చెబుతున్నది.

ఇక దీపం సంగతి. తాల్మూదు హనుక్కా దీపానికి విధించిన నియమాలు సాహిత్యవిద్యార్థి చదువదగినవి. మొదటిది, దీపాన్ని వీథివైపు ద్వారం వెలుపల పెట్టవలె; మేడమీద నివసించేవాడు వీథికి కనబడే కిటికీలో పెట్టవలె. అద్భుతాన్ని లోకానికి చాటడం దాని పని. అపాయకాలంలో మాత్రం ఇంటిలోపల బల్లమీద పెట్టుకొంటే చాలును. తరువాతి ఆచారంలో గట్టిపడిన నియమం ఒకటి: ఆ వెలుగును ఏ పనికీ వినియోగించరాదు. దానితో చదువుకోరాదు, డబ్బు లెక్కించరాదు. అందుకే పక్కన ‘షమాష్’ అనే తొమ్మిదవ దీపం, సేవకుని వంటిది, ఉంటుంది. మరొకటి, హిల్లేలు సంప్రదాయానికీ షమ్మాయి సంప్రదాయానికీ నడిచిన వివాదం. మొదటి రాత్రి ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించవలెనన్నారు షమ్మాయి వర్గంవారు. ఒకటితో మొదలుపెట్టి రోజుకొకటి పెంచవలెనన్నారు హిల్లేలు వర్గంవారు. నిలిచినది రెండవ మతమే.

దీపావళి దీపాలు లక్ష్మిని ఇంటిలోకి పిలుస్తవి. హనుక్కా దీపం ఇంటిలోని మాటను వీథిలోకి పంపుతుంది. నిజంగా పోలిక కావలెనంటే కార్తికమాసంలో శివాలయాల ధ్వజస్తంభాలకు ఎత్తే ఆకాశదీపం దీనికి ఎక్కువ దగ్గర. అదీ పనికోసం కాదు, అందరికీ కనబడడం కోసం. కాని ఆకాశదీపానికి అపాయకాల నియమం అన్నది లేదు. ఆ ఒక్క నియమంలోనే ఈ పండుగ చరిత్ర అంతా ఇమిడి ఉన్నది. ఏ దేశంలో, ఏ కాలంలో హనుక్కా ఎట్లా జరిగినదో తెలియవలెనంటే అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దీపం కిటికీలో ఉన్నదా, బల్లమీద ఉన్నదా?

ఆధునిక యుగంలో ఈ ప్రశ్న మొదట తీవ్రంగా లేచినది యూరపులో. పొరుగుజీవితంలో కలిసిపోయిన జర్మను, ఆస్ట్రియా యూదుల ఇండ్లలో డిసెంబరు నెలలో క్రిస్మస్ చెట్టు నిలబెట్టడం అరుదైన విషయం కాదు. తరువాత యూదజాతీయోద్యమానికి నాయకుడైన థియోడోర్ హెర్జల్ 1895 డిసెంబరులో తన బిడ్డల కోసం అటువంటి చెట్టుకు దీపాలు వెలిగిస్తుండగా వియన్నా ప్రధాన రబ్బీ ఇంటికి వచ్చినట్లు తన దినచర్యలోనే వ్రాసుకొన్నాడు. రెండేండ్ల తరువాత, 1897లో, అతడే ‘మెనోరా’ అనే చిన్న కథ ప్రకటించినాడు. పూర్వాచారాలకు దూరమైన ఒక కళాకారుడు తన పిల్లలకోసం దీపస్తంభాన్ని ఇంటికి తెచ్చి, రాత్రికొక దీపం చొప్పున పెంచుకుంటూ పోవడం దాని ఇతివృత్తం. కథగా అది గొప్పది కాదు. ఉద్బోధ పాలు ఎక్కువ. కాని చెట్టుకు, దీపస్తంభానికి నడుమ ఉన్న ఆ రెండేండ్లను పక్కన పెట్టుకొని చదివితే దానిలో ఒక మనిషి ఊపిరి వినిపిస్తుంది.

అమెరికాలో మార్పు మరొక త్రోవ పట్టినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో సిన్సినాటి నగరపు రబ్బీలు కొందరు, క్రిస్మస్ సంబరాలను చూసి ముచ్చటపడే తమ పిల్లల కోసం, ఆలయాలలో హనుక్కా ఉత్సవాలను వైభవంగా నడిపించడం మొదలుపెట్టినారు. బహుమానాలు, మిఠాయిలు, పాటలు వచ్చి చేరినవి. ధర్మశాస్త్రం దృష్టిలో చిన్న పండుగ పెద్ద పండుగ అయినది. ‘యూదుల క్రిస్మస్’ అనే మాటలోని సత్యం ఇదే. 2013లో ప్యూ సంస్థ జరిపిన సర్వేలో అమెరికా యూదులలో 32 శాతం మంది తమ ఇంట క్రిస్మస్ చెట్టు పెట్టినట్లు చెప్పినారు. యూదేతరులను వివాహమాడినవారిలో అది 71 శాతం. రెండు పండుగల పేర్లను అతికించి ‘క్రిస్ముక్కా’ అనే మాటను ఒక టెలివిజన్ ధారావాహిక 2003లో ప్రచారంలోకి తెచ్చినది. భార్యాభర్తల మతాలు వేరైన ఇంటిలో పిల్లవాడు రెండు దీపాలనూ చూసి పెరగడం నిందించదగినది కాదు. కాని ఆ అతుకుమాటలో ఏ పండుగ బాధా మిగలలేదు. వ్యాపారానికి అనువైన సంధి అది. సవర్ణదీర్ఘమో గుణమో తేల్చవలసిన శ్రమ కూడ అక్కరలేదు.

ఇక్కడ పిట్స్‌బర్గు నగరం మాట చెప్పవలె. ఆ ఊరు జంషెడ్‌పూరుకు ఒక విధంగా మాతృస్థానం. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడిన తరువాత సాక్చి పల్లె దగ్గర కర్మాగారానికీ, ఊరికీ మొదటి నమూనాలు గీసినది పిట్స్‌బర్గుకు చెందిన జూలియన్ కెనడీ సంస్థ. ఆ ఉక్కునగరంలో ప్రభుత్వభవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన 18 అడుగుల హనుక్కా దీపస్తంభం నిలబెట్టినారు. అది రాజ్యాంగవిరుద్ధమా అన్న వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టుదాక పోయినది. 1989లో తీర్పు వచ్చినది: న్యాయస్థానభవనంలోని మెట్లమీద ఒంటిగా పెట్టిన క్రీస్తు జనన దృశ్యం కూడదు, చెట్టు పక్కన ఉన్న దీపస్తంభం ఉండవచ్చును. కారణం? చెట్టుతో కలిసి చూసినప్పుడు అది శీతకాలపు లౌకికోత్సవంలో ఒక భాగంగా కనిపిస్తున్నది గనుక. న్యాయమూర్తులలో కొందరు ఈ తర్కాన్ని అంగీకరించలేదు. దీపం వీథిలోకి వచ్చినది నిజమే. కాని ఏమీ చెప్పనన్న షరతు మీద వచ్చినది. తాల్మూదు దానిని వీథిలో పెట్టమన్నది ఒక మాట చెప్పడానికి. న్యాయశాస్త్రం గెలిపించిన ఆ దీపాన్ని సాహిత్యవిమర్శకుడు ఓడిపోయినదిగానే లెక్కించవలసి వస్తుంది.

దీనికి సరిగా ఎదురైన ఘట్టం 1993 డిసెంబరులో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ పట్టణంలో జరిగినది. ఒక యూద కుటుంబం పిల్లవాని గది కిటికీలో దీపస్తంభం బొమ్మ పెట్టగా, యూదద్వేషులు రాయి విసిరి అద్దం పగులగొట్టినారు. అక్కడి దినపత్రిక నిండుపుటలో దీపస్తంభం బొమ్మ అచ్చువేసినది. యూదులు పట్టుమని కొద్దిమంది ఉన్న ఆ ఊరిలో వేలాది క్రైస్తవుల ఇండ్ల కిటికీలలో ఆ కాగితపు దీపం కనిపించినది. ఇది ఆచారాల మిశ్రణం కాదు. తనది కాని దీపానికి వచ్చిన అపాయంలో పాలుపంచుకోవడం. సర్వమతసామరస్యం అనే మాట మన ఉపన్యాసాలలో అరిగిపోయిన నాణెం అయినది. దాని అసలు బరువు తెలియాలంటే ఆ కిటికీల ముందు నిలబడవలె.

సాహిత్యంలో ఈ అపాయకాలాన్ని నిజంగా పట్టుకొన్నవాడు యిద్దిష్ రచయిత ఐజక్ బషెవిస్ సింగర్. 1980లో వెలువడిన హనుక్కా కథల సంపుటికి పేరు ఇచ్చిన కథలో, వార్సా ఘెట్టో శిథిలాల అడుగున దాగిన ఇద్దరు పిల్లలు ఒక్క కొవ్వొత్తి వెలిగిస్తారు. వీథి లేదు, కిటికీ లేదు, చూసేవారు లేరు. ఐనా ఆ వెలుగు వారికి పారిపోయే ధైర్యాన్నిస్తుంది. హెర్జల్ కథలో దీపం ఒక సిద్ధాంతం. సింగర్ కథలో అది ఒక వస్తువు, చేతికి వేడి తగిలేది. ఇద్దరి తారతమ్యం అక్కడ ఉన్నది.

ఇక భారతదేశం. కొంకణ తీరంలోని బెనే ఇస్రాయేలులకు పూర్వం హనుక్కా పండుగే తెలియదు. వారి చరిత్రను 1897 నాటికి వ్రాసి ముగించిన కెహీంకరు ఈ తెలియకపోవడాన్నే ప్రమాణంగా చూపి, మక్కబీయుల యుద్ధానికి ముందే తమ పూర్వులు స్వదేశం విడిచివచ్చినారని వాదించినాడు. ఆ గ్రంథం 1937లో గాని అచ్చుకాలేదు. వాదం ఎంత నిలుస్తుందో చరిత్రకారులకు వదలుదాం. గమనించవలసినది, వారు హనుక్కాను తరువాతి కాలంలో కొచ్చినునుంచి, ఇతరచోట్లనుంచి వచ్చిన బోధకుల వద్ద నేర్చుకొన్నారన్నది. నేర్చుకొన్నందువల్ల అది వారిది కాకుండా పోయినదా? వారి యూదత్వాన్ని ఇజ్రాయెలు దేశం ఏ సంశయం లేకుండా అంగీకరించడానికి 1964దాక పట్టినది. ఆ లోపల కూడ దీపాలు వెలిగినవి. ఆ సమాజంలోనివారే నిస్సిం ఎజకీల్, ఎస్తేర్ డేవిడ్. ఇద్దరికీ ఆంగ్లరచనలకు సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చినవి, 1983లో ఒకరికి, 2010లో మరొకరికి. ఎస్తేర్ డేవిడ్ ‘ది బుక్ ఆఫ్ రేచల్’ నవలలో అలీబాగు సమీపాన బంధువులందరూ ఇజ్రాయెలుకు వెళ్లిపోగా ఒక వృద్ధురాలు మూతబడిన ప్రార్థనాలయాన్ని కనిపెట్టుకొని ఉంటుంది. ప్రతి అధ్యాయం ఒక వంటకంతో మొదలవుతుంది. సమాజం పలచబడినప్పుడు ఆచారం వంటయింటిలో ఎంతకాలం బ్రతుకుతుందో చూపడంలో ఆ నవలకు సాటివచ్చేవి తక్కువ.

జంషెడ్‌పూరునుంచి కొన్ని గంటల రైలు ప్రయాణంలో ఉన్న కలకత్తాలో పరిస్థితి ఇంకా విచిత్రం. 1884లో కట్టిన మాఘెన్ డేవిడ్ ఆలయం చెక్కుచెదరక నిలిచి ఉన్నది. బాగ్దాదునుంచి వచ్చిన యూదులలో మిగిలినవారు బహుస్వల్పం. ఆలయాలను తరతరాలుగా ఊడ్చి, తుడిచి, దీపాలు సర్ది కాపాడుతున్నవారు ముస్లిములు. యూదుల బాలికా పాఠశాలలో చదివేవారిలో అధికసంఖ్యాకులు ముస్లిము బాలికలు. పశ్చిమాసియా వార్తలు మాత్రమే చదివేవారికి ఇది నమ్మశక్యం కాదు.

మళ్లీ గుంటూరు జిల్లాకు వద్దాం. కొత్తరెడ్డిపాలెపు యూదులు తమను బెనే ఎఫ్రాయీము అని చెప్పుకొంటారు. వారిలో అధికులు మాదిగ కుటుంబాలవారు. కొన్ని తరాల క్రితం బాప్టిస్టు క్రైస్తవులైనారు. 1990 ప్రాంతాలలో యూదధర్మాన్ని బాహాటంగా అవలంబించి చిన్న ప్రార్థనాలయం కట్టుకొన్నారు. ఎక్కువమంది వ్యవసాయకూలీలు. వీరిని గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవశాస్త్రజ్ఞులు వ్రాసిన ఆంగ్లగ్రంథం 2013లో వెలువడినది. వీరు ‘నిజమైన’ యూదులా కాదా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, కులం, మతం కలిసి నలిపిన ఒక సమాజానికి ఈ మార్పు ఏమి ఇచ్చినదని అడగడం ఆ గ్రంథపు సుగుణం. అయినా మన పత్రికావిలేఖరులు పట్టుకొన్నది మొదటి ప్రశ్ననే. యూదుల పోలికలున్నవా, నెత్తురు పరీక్ష ఏమన్నది, ఇజ్రాయెలు పోవాలన్న ఆశ కాదు గదా! ఈ ప్రశ్నలు అడిగేవారు హనుక్కా చరిత్ర ఒక్కసారి చదువుకొంటే బాగుండును. కథను ఆచార్యులు మార్చుకొన్నారు. కొంకణయూదులు దానిని నేర్చుకొన్నారు. అమెరికన్లు దానికి బహుమానాలు చేర్చినారు. దానితో తింటున్న బంగాళాదుంప అట్టులోని దుంప అమెరికా ఖండంనుంచి వచ్చినది. ఎవరినీ ఎవరూ రసీదు చూపమనలేదు. మాదిగవాడనే రసీదు అడిగినారు. నూనెలో వేగినదేదైనా ఆ పండుగకు తగును గనుక కొత్తరెడ్డిపాలెంలో గారె కూడ శాస్త్రసమ్మతమే అవుతుంది.

అమెరికా యూదుని డిసెంబరుకూ వీరి డిసెంబరుకూ భేదమున్నది. అక్కడ పిల్లలు క్రిస్మస్ వైపు పోకుండా హనుక్కాను పెంచినారు. ఇక్కడ ఇంటి పెద్దలు క్రిస్మస్ నుంచే వచ్చినారు. గుంటూరు ప్రాంతపు క్రైస్తవపల్లెలలో ఆ నెలలో ఇండ్లపైన కాగితపు నక్షత్రాలు వ్రేలాడుతవి. అటువంటి నక్షత్రం క్రింద పెరిగినవాడు తొమ్మిది దీపాలు వరుసగా పేర్చినప్పుడు, దానిని చూసే పొరుగువాడు తరచు సొంత బంధువే అయి ఉంటాడు. ఒక్క రక్తంలోనే ఉన్న ఈ మతాంతర జీవితం ఏ మానవశాస్త్ర గ్రంథానికీ పూర్తిగా లొంగదు. అది కథకు తగిన వస్తువు. దళితకథ మనకు నేర్పిన చూపుతో దానిని వ్రాయవలసినవారు ఆ పల్లెలోనే పుట్టవచ్చును. వచ్చేలోపల పైవారు వ్రాసినా తప్పు లేదు, రసీదు అడగకుండా ఉంటే.

ప్రవాసాంధ్రులకు ఈ విషయం మరింత దగ్గరగా తోచవలె. జంషెడ్‌పూరులో తెలుగువారు బిష్టుపూరులో రామాలయం కట్టుకొని శ్రీరామనవమి జరుపుకొంటారు. సంక్రాంతికి ముగ్గులు పెడతారు. అదే సంక్రాంతినాడు సువర్ణరేఖ, ఖర్కాయి ఒడ్లకు రంగుకాగితాల ‘చౌడల్’ ఎత్తుకొని ఈ నేలవారు తుసు పరబు పాటలు పాడుతూ పోతారు. ముందురాత్రి పంజాబీలు లోహ్రీ మంట వేస్తారు. మనవారి భోగిమంటకూ దానికీ నడుమ ఒక్క గోడ. మార్చి 3న, జంషెడ్జీ టాటా పుట్టినరోజున, 1958లో తెరచిన జూబిలీ పార్కులో విద్యుద్దీపాలు వెలుగుతవి. ఏ మతమూ లేని ఆ దీపోత్సవానికి అన్ని మతాలవారూ పోతారు. అందరూ పోగలగడం దాని గొప్ప. ఎవరినీ ఏమీ అడగకపోవడం దాని లోపం. పిట్స్‌బర్గు దీపస్తంభానికి న్యాయస్థానం కోరినది సరిగ్గా ఇటువంటి వెలుగునే.

మన ప్రవాసకథలలో సంక్రాంతి వచ్చినదంటే కోస్తా పల్లెలోని గొబ్బెమ్మలు, హరిదాసు, అమ్మ వండిన అరిసెలు వస్తవి. ఇంటి ముందునుంచే సాగిపోయే చౌడల్ ఎంత తరచుగా వస్తున్నదో పాఠకులు లెక్కచూడవచ్చును. ముగ్గు ఎవరికి కనబడడానికి పెట్టినట్లు? ఆ వాకిలికి ఎదుట సంథాలీ కుటుంబం ఉంటుంది, బెంగాలీ గుమాస్తా ఉంటాడు, ఒకప్పుడు పార్సీ ఇంజనీరు ఉండేవాడు. వారి కళ్లతో ఆ ముగ్గును చూసిన తెలుగుకథ ఎక్కడైనా అచ్చయి ఉంటే ఈ వ్యాసకర్తకు పంపవలసినదిగా కోరుతున్నాను. మక్కబీయుల మొదటి గ్రంథం కతోలికుల తెలుగు బైబిలులో ఎవరికైనా దొరుకుతుంది. దానిని, సింగర్ కథను, ఎస్తేర్ డేవిడ్ నవలను ఈ వరుసలోనే చదివి ఆ కథ వ్రాయడానికి కూర్చుంటే మరీ మంచిది.